సెలవుల ఊళ్ళలో కొలువులు

ఇంగ్లండు తూర్పుతీరమున, లింకన్‌షైర్ మండలములో, స్కెగ్నెస్ పట్టణమునుండి ఉత్తరముగా ఇంగోల్డ్‌మెల్స్, చాపెల్ సెయింట్ లెనర్డ్స్ గ్రామముల మీదుగా సముద్రపు గట్టు వెంట పోవువారికి వరుసలు తీర్చి నిలిపిన లేతరంగు కారవానులే ప్రధానదృశ్యముగా కానవచ్చును. మన దేశమున కారవాను అనగానే సినిమానటులు చిత్రీకరణల నడుమ విశ్రమించు బస్సు స్ఫురించును గాని, ఇచ్చటివి ఆ జాతివి కావు. చక్రములున్నను ఏండ్ల తరబడి కదలక, రెండు మూడు పడకగదులతో, వంటయింటితో, స్నానశాలతో అమరిన తేలిక యిండ్లివి. 20 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు మించనంతవఱకు ఆంగ్లచట్టము దృష్టిలో ఇవి బండ్లే. ఇట్టివి వందలకొలదిగా ఒకచోట చేరినచో దానిని హాలిడే పార్కు అందురు. నీరు, మురుగు, విద్యుత్తు, గ్యాసు, అంగడి, ఈతకొలను, పానశాల, రంగస్థలము, రాత్రికావలి అన్నియు గల ఈ చిన్న ఊళ్ళలో లేనివాడు స్థిరనివాసి యొక్కడే. వచ్చినవారందఱు వారమునకో, ఋతువు ముగియగానో వెడలిపోవలసినవారే. అట్టి ఊళ్ళను నడుపువారి బ్రతుకు ఎట్టిది, అది సెలవుకాలపు చిల్లర కూలియా, జీవితమును నిలుపుకొనదగిన వృత్తియా యనునది ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. కళాశాల విద్యార్థి వేసవిలో నాలుగు పౌండ్లు వెనుక వేసికొనుటకు చేయు తాత్కాలికపు పని యిది, దీనిని వృత్తి యనుట అతిశయోక్తి యని కొందఱందురు. పక్కగుడ్డలు మార్చుచు చేరినవారు పార్కునకు అధికారులై కూర్చున్నారనియు, శ్రద్ధ గలవాడు ఇంతకన్న త్వరగా పైకి రాగల రంగము లేదనియు యాజమాన్యములు నియామకప్రకటనలలో చాటుచుండును. మొదటివారు వేసవిని మాత్రమే చూచిరి. రెండవవారు పైకి వచ్చినవారిని లెక్కించిరి గాని మధ్యలో దిగిపోయినవారిని లెక్కింపలేదు. నా దృష్టిలో ఈ వివాదమును తేల్చగలది చలికాలము. నవంబరునుండి ఫిబ్రవరి వఱకు ఎవని చేతికి జీతము ముట్టునో వాడు ఈ వృత్తిలో నున్నవాడు. తక్కినవారు ఎంత కష్టించినను దానిని దర్శించి పోవువారే. ఈ గీటురాయిని చేతబట్టుకొని చూచినప్పుడు, పైకి మెఱయు కొలువులలో కొన్ని తేలిపోవుటయు, ఎవరును పట్టించుకొనని కొలువులు కొన్ని గట్టిగా నిలుచుటయు కనబడును.

వినోదార్థము కారవానులో దేశసంచారము చేయు పద్ధతికి ఆద్యుడుగా డాక్టర్ విలియం గోర్డన్ స్టేబుల్స్ పేరు చెప్పుదురు. నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి విరమించి, బాలుర సాహసకథలు వ్రాసి పేరు గడించిన ఈయన, బ్రిస్టల్ నగరమున చేయించుకొన్న ‘వాండరర్’ అను రెండు గుఱ్ఱముల బండిలో 1885వ సంవత్సరమున స్కాట్లండులోని ఇన్వర్నెస్ వఱకు ప్రయాణించెను. ఆ బండి వెంట ఒక సారథియు, మూడుచక్రముల సైకిలుపై ముందుగా పోయి దారిలో ఎదురువచ్చువారిని హెచ్చరించు పరిచారకు డొకడును ఉండిరి. స్వేచ్ఛాసంచారమును కీర్తించినవారందఱు డాక్టరుగారిని స్మరింతురు గాని ఆ యిద్దఱిని స్మరించువారు అరుదు. మన విషయమునకు మాత్రము వారే మూలపురుషులు.

ఒకచోట నెలకొన్న సెలవు శిబిరముల చరిత్ర వేఱు. 1894లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున జోసెఫ్ కన్నింగ్‌హామ్ యువకుల కొఱకు గుడారముల శిబిరము నెలకొల్పెను. 1906లో నార్‌ఫోక్ తీరమున కైస్టర్‌లో జాన్ ఫ్లెచర్ డాడ్ సామ్యవాదుల కొఱకు మఱొకటి నెలకొల్పెను. రెండింటను మద్యము నిషిద్ధము. దీనిని పరిశ్రమగా మార్చినవాడు బిల్లీ బట్లిన్. దక్షిణాఫ్రికాలో జన్మించి, సంతలలో ఆటల అంగళ్ళు నడిపి పైకి వచ్చిన ఇతడు, వేల్స్ తీరమున బారీ ద్వీపములో బసచేసినపుడు, వాన కురియుచున్నను అతిథులను పగటిపూట ఇంట నుండనీయని బసయిండ్ల యజమానురాండ్రను చూచి, అట్టి బాధ లేని విడిదిని కల్పింపవలెనని తలచెనట. 1936 ఏప్రిల్‌లో స్కెగ్నెస్ శిబిరము తెఱువబడినది. వచ్చినవారు ముఖములు తిప్పుకొని ఎవరికివారే కూర్చుండుట చూచి, శిబిరనిర్మాణమున పనిచేయుచున్న నార్మన్ బ్రాడ్‌ఫర్డ్ అను ఇంజినీరును పిలిచి, నాలుగు మాటలాడి వీరిని నవ్వింపుమని బట్లిన్ పురమాయించెను. ఆ ఉపాయము ఫలించినది. మఱునాటినుండి గుర్తు తెలియుటకై బ్రాడ్‌ఫర్డునకు ఎఱ్ఱకోటు తొడిగిరి. ‘రెడ్‌కోట్’ అను ప్రసిద్ధమైన కొలువునకు ఇది పుట్టుక. తొలి రెడ్‌కోటు నటుడు గాక కట్టడపు పనివాడగుట గమనింపదగినది. ఏలయన ఈ రంగమున ఒక పనికి చేరినవాడు మఱొక పనిలో తేలుట నేటికిని సర్వసాధారణము.

1938లో వేతనముతో కూడిన సెలవుల చట్టము రాగా, వారము జీతముతో వారము విహారము శ్రామికుని కందుబాటులోనికి వచ్చినది. యుద్ధకాలమున శిబిరములను సైన్యము తీసికొన్నది. స్కెగ్నెస్ శిబిరము ‘హెచ్.ఎం.ఎస్. రాయల్ ఆర్థర్’ అను పేర నావికుల శిక్షణాలయమయ్యెను. యుద్ధానంతరము తీరమంతట కారవానులు పుట్టగొడుగులై లేచుటచే, వానిని అదుపు చేయుటకు 1960లో కారవాను స్థలముల చట్టము వచ్చినది. నాటినుండి స్థానికసంస్థ లైసెన్సు లేనిదే పార్కు నడుపరాదు; బండికిని బండికిని నడుమ ఎడము, అగ్నిభద్రత, మురుగుపాఱుదల అన్నియు లైసెన్సు షరతులలో చేరినవి. వీనితో పాటు, ప్రణాళికానుమతులలో మఱొక షరతు తఱచుగా ఉండును: చలికాలమున కొన్ని వారములు పార్కు మూసివేయవలెను, లేదా అచ్చట రాత్రి బస చేయరాదు. సెలవు బండిని ఎవరును శాశ్వతనివాసముగా మార్చుకొనకుండుటకు ఏర్పడిన కట్టుబాటిది. ఈ రంగమున ఉద్యోగములు ఋతుబద్ధములగుటకు వాతావరణమొక్కటే కారణమని సాధారణముగా తలచుచుందురు. కాని వానకును చలికిని తోడుగా చట్టము కూడ తాళము వేయుచున్నదని తెలిసినగాని ఈ వృత్తి నిర్మాణము బోధపడదు.

స్పెయిన్ దేశపు ఎండకు చౌకగా చేర్చు విమానయాత్రలు ప్రబలిన తరువాత ఈ శిబిరములు క్షీణించినవి. 1983లో బట్లిన్ సంస్థ ఫైలీ, క్లాక్టన్ శిబిరములను మూసివేసెను. నేడు ఆ పేర స్కెగ్నెస్, మైన్‌హెడ్, బోగ్నర్ రీజిస్ అను మూడు మాత్రమే మిగిలినవి. కారవాను పార్కులు అంతగా దెబ్బతినకుండుటకు కారణము, వానికి అతిథులేగాక యజమానులును ఉండుట. కుటుంబములు బండిని కొనుక్కొని, అది నిలిచిన స్థలమునకు ఏటేట పార్కునకు రుసుము చెల్లించును; వాన వచ్చినను రాకున్నను ఆ రుసుము వచ్చును. ఈ మార్పు కొలువుల స్వరూపమును కూడ మార్చినది. భోజనశాలలో వేయిమందికి వడ్డించువారును, నాట్యశాలలో వాద్యబృందములును తగ్గి, శుభ్రత, మరమ్మతు, విక్రయము అను మూడు శాఖలు పెరిగినవి. నేటి పార్కునకు వెన్నెముక ఈ మూడే.

శుభ్రతాశాఖ పని యెట్టిదో తెలియవలెనన్న ‘చేంజోవర్’ దినమున చూడవలెను. సాధారణముగా సోమవారము, శుక్రవారము, శనివారములలో అతిథులు మారుదురు. ఉదయము పదింటికి పాతవారు ఖాళీ చేయవలెను, సాయంకాలము నాలుగింటికి క్రొత్తవారికి తాళములు ఈయవలెను. ఉదయము ఒక పెండ్లివారు ఖాళీ చేసిన విడిదిలో సాయంకాలమునకు మఱొక పెండ్లివారిని దింపవలసినవాని హడావుడి యెట్టిదో మనకు తెలియనిది కాదు. ఇచ్చట ఒకేనాడు అట్టి విడుదులు వందకు మించవచ్చును. పనివారు ఇద్దరిద్దరుగా జట్టు కట్టి, బండ్ల సంఖ్యల పట్టిక చేతబట్టుకొని, ఉతికిన దుప్పట్ల సంచులను వ్యానులో వేసికొని బయలుదేరుదురు. ఒకరు స్నానగదిని పట్టుకొన్న మఱొకరు వంటయింటిని పట్టుకొందురు. ఓవెనులోని జిడ్డు, మైక్రోవేవు పైకప్పునకు అంటిన చిందులు, సోఫా మెత్తల సందులలోని బిస్కట్టు ముక్కలు, స్నానపుతొట్టి జాలీలో చిక్కిన వెండ్రుకలు: ఫిర్యాదులు పుట్టు స్థలములు ఇవియేనని అనుభవజ్ఞులు ఎఱుగుదురు. చెంచాలు, కంచములు పడకల సంఖ్యకు సరిపోవలెను. గ్యాసుబండ ఊపి చూచి ఎంత యున్నదో కనుగొనవలెను. పడకక్రింద మఱచిపోయిన బొమ్మను సంఖ్య వ్రాసి కార్యాలయమునకు చేర్చవలెను.

ఇదంతయు కూలిపని యని తీసిపాఱవేయుట సులభము. కాని ఆ ఉదయము ఏ జట్టు ఏ వరుసకు పోవలెనో నిర్ణయించు పర్యవేక్షకురాలి స్థానమున నిలిచి చూడుడు. ఏ బండిలో కుక్క ఉండిపోయినది, ఏ బండిలో కుళాయి కారుచున్నదిగాన ముందు మరమ్మతువాడు పోవలెను, ఏ కుటుంబము చంటిబిడ్డతో ముందుగా వచ్చుచున్నది, నేడు జ్వరమని రానివారి పని ఎవరికి పంచవలెను, ఇవన్నియు తొమ్మిదిన్నరలోపల ఆమె తలలో కుదురుకొనవలెను. పార్కు అధికారి కావలసినవానికి ఇంతకు మించిన శిక్షణ మఱొకటి లేదని నేననుకొందును. ఈ శాఖనుండి పైకి వచ్చినవారిని గూర్చి ప్రకటనలు చెప్పు కథలలో సత్యమున్నది. అయితే వారు పక్కగుడ్డలు మార్చుటవలన గాక, ఆ ఆఱు గంటలను పంచిపెట్టుట నేర్చుటవలన పైకి వచ్చినవారు.

మరమ్మతుశాఖకు చలికాలమున కూడ పని యుండును. అందువలననే నేను దీనిని ఈ రంగమున అతిస్థిరమైన కొలువుగా భావింతును. ఋతువు ముగిసిన పిదప ఒక్కొక్క బండిలోని నీటిని పూర్తిగా దింపవలెను. మొదట భూమిలోనున్న ప్రధానకవాటమును కట్టివేసి, బండి క్రింద నుండు దింపుడు కుళాయిలను, పైన కుళాయిలన్నిటిని విప్పి, షవరు గొట్టమును ఊడదీసి, యంత్రముతో గొట్టములలోనికి గాలి కొట్టి మిగిలిన చుక్కలను సైతము వెడలగొట్టుదురు. మరుగుదొడ్డిలోను, తూముల వంపులలోను గడ్డకట్టని ద్రవము పోయుదురు. నీరు మంచుగా మారినపుడు సుమారు తొమ్మిది శాతము వ్యాకోచించును. ఒక మూల గ్రుక్కెడు నీరు నిలిచియున్నను గొట్టమును చీల్చుటకు అది చాలును. ఆ చీలిక జనవరిలో కనబడదు, మార్చిలో నీరు విడిచిననాడు బండి నేలంతయు తడిసినప్పుడు బయటపడును. పాతబండ్లను ట్రాక్టరుతో లాగివేసి, క్రొత్తవానిని కాంక్రీటు పలకపైకి తెచ్చి, ఇనుపకాళ్ళపై నిలిపి, రసమట్టముతో సరిచూచి, సముద్రపు గాలికి లేచిపోకుండ గొలుసులతో నేలకు బిగించు పనియు ఈ కాలముననే జరుగును. ఈ బండ్లలో అధికభాగము యార్క్‌షైర్ తూర్పుభాగమున హల్ నగర పరిసరములలో తయారగును. విల్లర్‌బీ, స్విఫ్ట్, ఏ.బీ.ఐ. అను ప్రసిద్ధసంస్థలన్నియు ఆ చుట్టుప్రక్కలనే యున్నవి.

గ్యాసుపని చేయుటకు ‘గ్యాస్ సేఫ్’ పట్టికలో పేరు నమోదై యుండవలెను. 2009 ఏప్రిల్‌లో ‘కోర్గీ’ పట్టిక స్థానమున ఏర్పడిన ఈ వ్యవస్థలో, బండలలోని ద్రవగ్యాసును, కారవానులలోని పరికరములను ముట్టుటకు ప్రత్యేకార్హతలు సంపాదింపవలెను. అద్దెకిచ్చు ప్రతి బండికి ఏటేట గ్యాసు తనిఖీ తప్పనిసరి. నిలువనీటిలో పెరుగు లీజియొనెల్లా క్రిమిని నివారించుటకు ఖాళీబండ్ల కుళాయిలను క్రమము తప్పక విప్పి నీరు పాఱించి పుస్తకమున వ్రాయవలెను. ఇట్టి అర్హతాపత్రము జేబులో గలవానిని ఏ పార్కును అక్టోబరులో పంపివేయదు. పంపినను ప్రక్క పార్కు పిలుచును.

ఈతకొలనున ప్రాణరక్షకుల కొలువు యువకులకు మంచి ప్రవేశద్వారము. పదునాఱేండ్లు నిండినవారు ఎన్.పీ.ఎల్.క్యూ. అను అర్హతను పొందవచ్చును. రెండేండ్ల కొకసారి దానిని పునరుద్ధరించుకొనవలెను. పానశాల, వంటశాల, స్వాగతకార్యాలయము లందలి పని హోటళ్ళలోని పనివంటిదే గనుక విస్తరింపను.

వినోదశాఖ సంగతి చెప్పక తప్పదు, ఏలయన జనుల ఊహలో పార్కుకొలువనగా అదియే. డెస్ ఓ’కానర్, డేవ్ అలెన్ మున్నగు ప్రసిద్ధ హాస్యకారులు రెడ్‌కోట్లుగా పనిచేసినవారు. 1980నుండి 1988వఱకు బీ.బీ.సీ. ప్రసారము చేసిన ‘హై-డి-హై’ హాస్యధారావాహిక రచయితలలో ఒకడగు జిమ్మీ పెర్రీ తానును పూర్వము రెడ్‌కోటే. కాని ఆ నాటకశాల మెట్టు ఎక్కి టెలివిజనుకు పోవు దారి నేడు మిక్కిలి సన్నగిల్లినది. పగలు పిల్లలతో ఆటలు, సాయంకాలము మృగవేషము ధరించి నృత్యము, రాత్రి బింగో అంకెల పఠనము, ఇంత చేసి అక్టోబరులో సంచి సర్దుకొనువారే అధికులు. నటనయందు అభిరుచి గలవారు ఒకటి రెండు ఋతువులు గడుపుటకు ఇది చక్కని పాఠశాల. అంతకు మించి దీనిపై ఆశ పెట్టుకొనుట మంచిది కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ రంగమున అధికాదాయము విక్రయశాఖలో నున్నది. అధికమైన మనఃక్లేశమును అందే యున్నది. క్రొత్త బండి వెల పదులవేల పౌండ్లు. వారము సెలవునకు వచ్చి, పిల్లల కేరింతలతో, సముద్రపు గాలితో మనసు మెత్తబడిన కుటుంబమును ప్రదర్శనబండిలోనికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఏటేట హోటళ్ళకు పోయుటకన్న ఇది మేలు కదా యని ఒప్పించువానికి జీతముపైన కమీషను ముట్టును. ఆ కుటుంబము తరువాత తెలిసికొను సంగతులు కొన్ని గలవు: బండి విలువ త్వరత్వరగా పడిపోవును, స్థలపు రుసుము ఏటేట పెరుగును, ఇన్ని యేండ్లు దాటిన బండిని పార్కున ఉంచరాదని ఒప్పందమున ఉండును. శాశ్వతనివాసపు మొబైల్ ఇండ్లలో ఉండువారికి 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టము కల్పించిన రక్షణ సెలవు బండ్ల యజమానులకు వర్తింపదు. ఇవన్నియు ముందే విప్పిచెప్పి అమ్మువారు లేకపోలేదు, అట్టివారినే పాత గిరాకీ మఱల వెదకికొని వచ్చును. అయితే నెలకిన్ని బండ్లు అమ్మవలెనను లక్ష్యము తలపై వ్రేలాడుచుండగా నిదానముగా నిజము చెప్పుటకు గుండెనిబ్బరము కావలెను. చలికాలమున కూడ విక్రయశాఖవారికి జీతముండును గనుక నా గీటురాయిపై ఈ కొలువు నెగ్గును. ఐనను దీనిని అందఱికి ఉపదేశింపజాలను.

పెద్ద సంస్థల పార్కులకు భిన్నముగా, సంచారకారవానుల కొఱకు ఏర్పడిన సంఘస్థలములలో వేఱొక సంప్రదాయము వర్ధిల్లుచున్నది. 1901లో పుట్టిన క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్బును, 1907లో పుట్టి నేడు కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్బను పేర నడచుచున్న సంస్థయు తమ స్థలముల నిర్వహణకు తఱచుగా దంపతులను నియమించును. ఏబది యేండ్లు దాటి, పిల్లలు రెక్కలు వచ్చి పోయిన పిమ్మట, ఇల్లు అద్దెకిచ్చియో అమ్మియో, సొంత కారవానులో వచ్చి ఋతువంతయు అచ్చటనే నివసించి, ఒకరు కార్యాలయమున చేరికలు వ్రాయ, మఱొకరు గడ్డి కోయ, ఇద్దఱును కలిసి స్నానశాలలు కడుగుదురు. చలికాలమున జీతము లేకున్నను వీరికి పింఛనో, ఇంటి అద్దెయో ఉండును. ఋతుబద్ధమగు ఉద్యోగము వీరికి లోపము కాదు, కోరి తెచ్చుకొన్న సౌకర్యము. ఇరువదియేండ్ల యువకునికిని వీరికిని ఒకే కొలువు రెండు భిన్నార్థములు ఇచ్చుచున్నది.

ఇక జీతభత్యములు. 2025 ఏప్రిల్‌నుండి 2026 మార్చి వఱకు ఇరువదియొక యేండ్లు నిండినవారికి చట్టబద్ధమగు కనీసవేతనము గంటకు 12.21 పౌండ్లు, 18 నుండి 20 ఏండ్లవారికి 10 పౌండ్లుగా ఉండెను. పార్కులలో దిగువ కొలువులు చాలవఱకు ఈ గీతపైననో, దానికి కొంచెము ఎగువనో ఉండును. ఆ లెక్కన వారమునకు 40 గంటల చొప్పున పెద్దవానికి 488.40 పౌండ్లు వచ్చును. మార్చినుండి అక్టోబరు చివఱి వఱకు సుమారు 34 వారములనుకొన్నచో పదునాఱువేల ఆఱువందల పౌండ్లు. ఏడాది పొడవున అదే పని యున్నచో ఇరువదియైదువేలు దాటును. ఈ రెండు మొత్తముల నడుమనున్న దాదాపు తొమ్మిదివేల వెలితియే నేను చెప్పుచున్న చలికాలము. యజమాని బస కల్పించినచో చట్టము నిర్ణయించిన దినసరి పరిమితి (2025 ఏప్రిల్‌నుండి 2026 మార్చి వఱకు 10.66 పౌండ్లు) వఱకు మాత్రమే కనీసవేతనములో సర్దుకొనవచ్చును. అంతకు మించి కోసినచో అది కనీసవేతనమును ఉల్లంఘించుట యగును. తీరపట్టణములలో వేసవిలో అద్దెగది దొరకుట దుర్లభము గనుక ఈ బస చాలమందికి జీతముకన్న ముఖ్యము. అయితే కొలువు పోయిననాడు పైకప్పు కూడ పోవునని మఱువరాదు.

సెలవుల వేతనము విషయమున చట్టము పలుమార్లు మలుపులు తిరిగినది. ఏడాదిలో కొంతకాలమే పనిచేయు ఒక సంగీతోపాధ్యాయురాలి వ్యాజ్యమున 2022లో సుప్రీంకోర్టు, ఆమెకు పూర్తి 5.6 వారముల సెలవు ఉండవలెనని తీర్పు చెప్పగా, ఋతుకార్మికుల యజమానులు కలతపడిరి. 2024 ఏప్రిల్ 1నుండి ఆరంభమగు సెలవు సంవత్సరములకు ప్రభుత్వము నియమములు మార్చి, అట్టివారికి పనిచేసిన గంటలలో 12.07 శాతము చొప్పున లెక్కించుటకును, దానిని జీతముతోనే కలిపి ఇచ్చుటకును అనుమతించినది. జీతపు చీటీలో ఈ పద్దు వేఱుగా కనబడవలెను. కనబడనిచో అడుగుట కార్మికుని హక్కు. అన్యాయముగా తొలగింపబడినవాడు న్యాయస్థానమున కెక్కుటకు రెండేండ్ల సేవ యుండవలెనను నియమము కూడ మారుచున్నది. 2025 డిసెంబరులో ఆమోదము పొందిన ఉద్యోగహక్కుల చట్టము క్రింద 2027 జనవరినుండి ఆ గడువు ఆఱు నెలలు కాగలదు. మార్చిలో చేరి అక్టోబరు వఱకు పనిచేయువాడు ఆఱు నెలలు దాటును. ఈ చిన్న లెక్క పార్కుల నియామకపద్ధతులను ఎంతగా మార్చునో వేచి చూడదగినది. 2025 ఏప్రిల్‌లో యజమానుల జాతీయబీమా చందా 15 శాతమునకు పెరిగి, అది మొదలగు వేతనపరిమితి 9,100 పౌండ్లనుండి 5,000కు దిగుటచే, పార్కులపై భారము ఇప్పటికే హెచ్చినది. ఒక నెల గంటలు మఱొక నెలకు సర్ది, ఏడాది పొడవున సమానజీతమిచ్చు వార్షికగంటల ఒప్పందములు కొన్ని పార్కులలో నున్నవి. ఈ రంగమునకు తగిన ఉపాయములలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే.

పదోన్నతి సోపానమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. జట్టుసభ్యుడు, జట్టునాయకుడు, శాఖాధిపతి, ఉపాధికారి, పార్కు అధికారి యను వరుస సంస్థలన్నిట ఇంచుమించుగా ఒకటే. హేవెన్ వంటి, నలుబదికి దగ్గఱగా పార్కులు గల సంస్థలో మెట్టెక్కువానికి ఊరు మారుట తప్పదు; డెవన్‌లో ఖాళీ యున్న స్కాట్లండులోని ఇల్లు వదలవలెను. కుటుంబయాజమాన్యపు చిన్నపార్కులో పై పీఠము యజమాని బిడ్డలది, కాని అచ్చట పది పనులు నేర్చిన నమ్మకస్థుని వదలుకొనువారుండరు. పెద్ద సంస్థలన్నియు నిశ్చలములని భ్రమపడరాదు. 2023 నవంబరు చివర పాంటిన్స్ సంస్థ కాంబర్ సాండ్స్, ప్రెస్టాటిన్ శిబిరములను ఒక్కసారిగా మూసివేయగా, చలికాలమున కూడ జీతము పొందుచుండినవారు సైతము వీధిన పడిరి.

బ్రెగ్జిట్‌కు పూర్వము తూర్పు ఐరోపా యువకులు ఈ పనులలో చాలమంది యుండిరి. 2020 డిసెంబరు 31తో ఆ స్వేచ్ఛారాకపోకలు ముగిసినవి. అదే ఏట కోవిడ్‌వలన మార్చిలో మూతపడిన పార్కులు ఇంగ్లండులో జూలై 4న తెఱువబడి, విదేశయాత్రలు లేక స్వదేశముననే సెలవులు గడుపదలచినవారితో నిండిపోయినవి. పనివారి కొఱత ఒకప్రక్క, గిరాకీ మఱొకప్రక్క. వ్యవసాయమునకు ఋతుకార్మికుల వీసా యున్నది గాని పార్కులకు అట్టిది లేదు.

ఇచ్చట మన తెలుగువారి ప్రసక్తి సహజముగా వచ్చును. ఏడాది ఎం.ఎస్సీ. చదువుటకు సెప్టెంబరులో పోవు మన విద్యార్థులకు పాఠకాలమున వారమునకు 20 గంటలు మాత్రమే పనికి అనుమతి గలదు. సెలవులలో పూర్తికాలము చేయవచ్చును. వేసవి పార్కులకు గిరాకీకాలమగుటచే పూర్తికాలపు పని దొరకునని పలువురు తలతురు. కాని ఎం.ఎస్సీ. విద్యార్థి వేసవిలో సిద్ధాంతవ్యాసము వ్రాయుచున్నంతకాలము అది సెలవు కాదు, పాఠకాలమే. ఆ 20 గంటల కట్టు అప్పుడును వర్తించును. వినోదకారుడుగా పనిచేయుట విద్యార్థి వీసాపై నిషిద్ధము గనుక ఎఱ్ఱకోటు ఆశ మొదలే వదలుకొనవలెను. చదువు ముగిసిన పిమ్మట గ్రాడ్యుయేట్ వీసాపై రెండేండ్లు దాదాపు ఏ పనియైనను చేయవచ్చును; 2027 జనవరి 1నుండి దరఖాస్తు చేయువారికి ఇది పదునెనిమిది నెలలకు తగ్గును. పట్టభద్రులై 18 మొదలు 30 ఏండ్ల వఱకు వయసుగల భారతీయులకు ఏటా మూడువేల స్థానములతో చీట్లు తీసి ఇచ్చు యువవృత్తినిపుణుల వీసా మఱొక దారి. వీనిలో ఏదియు స్థిరవృత్తికి తలుపు కాదు. 2025 జూలైనుండి నిపుణకార్మిక వీసాకు సాధారణముగా 41,700 పౌండ్ల జీతమును, పట్టభద్రస్థాయి ఉద్యోగమును కావలసి యుండగా, పార్కుకొలువులలో మిక్కిలి కొన్ని తప్ప ఆ గడపను దాటలేవు. కావున లక్షలు అప్పుచేసి పోయిన విద్యార్థి ఈ పనిని ఖర్చులకు ఆసరాగా చూచుకొనవచ్చును గాని, దీనిని నమ్ముకొని అచ్చట నిలువదలచుట ఎండమావుల వెంట పరుగు.

మన దేశమున ఈ రంగము ఇప్పుడే మొలకెత్తుచున్నది. కేరళ ప్రభుత్వము 2021లో కారవాను విహారవిధానమును ప్రకటింపగా, 2022లో వాగమన్ కొండలపై తొలి పార్కు వెలసినది. మన రాష్ట్రములలో ఇది ఇంకను చెప్పుకోదగిన ఉద్యోగరంగము కాలేదు. లంబసింగి, అరకు ప్రాంతముల గుడారపు విడుదులలో ఋతువు తలక్రిందులు: చలికాలమున జనసమ్మర్దము, ఎండలు ముదిరిన తరువాత ఖాళీ. అచ్చట పనిచేయు యువకులకు ప్రశ్న మాత్రము లింకన్‌షైర్ వారిదే.

ఈ కొలువులలో చేరదలచినవారికి ఒక మాట. నియామకపత్రముపై సంతకము చేయుటకు ముందు అందు ముగింపు తేదీ యున్నదేమో చూచుకొనుడు. ఉన్నచో, పార్కు మూసిన నెలలలో ఏ శాఖవారిని ఉంచుకొందురో అధికారిని నేరుగా అడుగుడు. అతడు చెప్పిన శాఖ గ్యాసుదైనను, గొట్టములదైనను, మొదటి ఋతువులోనే అందులోనికి మార్పించుకొని, పార్కు ఖర్చుతో అర్హతాపత్రము సంపాదింపుడు.